కార్డులో చివరి పేరు

మీసేవ కేంద్రంలో కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు అడుగుతాడు: "అవ్వా, నీకెన్నేండ్లు?"

అవ్వ కాసేపు ఆలోచిస్తుంది. "గంజి కరువప్పుడు నేను పాలు తాగే బిడ్డనంట నాయనా. మాయమ్మ చెప్తాండె."

కుర్రాడికి గంజి కరువంటే తెలియదు. వరసలో వెనక నిలబడ్డ పెద్దాయన అందుకుని, "యాభై రెండులో పుట్టిందని రాసుకో అబ్బీ" అంటాడు. మరి తేదీ? తేదీ ఎవరికి గుర్తుంటుంది! కుర్రాడు జనవరి ఒకటి అని కొడతాడు. కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో జనవరి ఒకటిన పుట్టిన ముసలివాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం కష్టం. వాళ్ల అమ్మలు బిడ్డల వయసును కరువులతో గుర్తుపెట్టుకున్నారు. అందుకే కాగితం మీద అందరిదీ ఒకే పుట్టినరోజయింది.

ఇలాంటి అవ్వకు ఒకరోజు గుండెలో రక్తనాళం మూసుకుపోతుంది. ఆపరేషన్ చెయ్యాలంటారు. ఆమె కూలికి పోవడం మానేసి పదేళ్లయింది, పెద్ద కొడుకు బెంగుళూరులో బేల్దారి పని చేస్తున్నాడు, చిన్న కొడుక్కి పోలియోతో ఒక కాలు పడిపోయింది. ఆ ఖర్చు ఎవరు పెట్టాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఈ నేలకు నూరేళ్లకు పైగా పట్టింది. ఆ వెతుకులాటలో రెండు ముఖ్యమైన మలుపులు పక్కపక్కనే ఉన్న ఈ రెండు జిల్లాల మనుషుల చేతుల మీదుగా జరిగాయి. ఆ సంగతి ఇక్కడి పిల్లలకు ఎవరూ కథగా చెప్పినట్టు లేదు. అందుకే చెబుతున్నాను.

కథ ధాత కరువు దగ్గర మొదలవుతుంది. 1876లో వానలు పడలేదు. మరుసటి ఏడూ సరిగా పడలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో దారుణంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు, కడప ఉన్నాయి. 1871 జనాభా లెక్కలతో పోలిస్తే, 1881 లెక్కలకు వచ్చేసరికి కర్నూలు జిల్లా దాదాపు నాలుగో వంతు మనుషుల్ని పోగొట్టుకుంది. సర్కారు కరువు పనులు పెట్టింది. కంకర కొట్టినవాడికి, మట్టి మోసినవాడికి కూలి దొరికేది. అది కూడా సర్కారు పంపిన అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క ప్రకారం రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్దిపాటి చిల్లర. మరి గడ్డపార ఎత్తలేని ముసలివాళ్లు? కళ్లు కనపడనివాళ్లు, కుంటివాళ్లు? పని చేస్తేనే తిండి అన్న సూత్రం వాళ్ల దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

కరువు తగ్గాక కూర్చున్న కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాని వెంట వచ్చిన కరువు నియమావళిలో ఒక చిన్న భాగం ఉంది. పని చేయగలవాడికి పని ఇవ్వాలి; వయసు వల్లనో, వైకల్యం వల్లనో పని చేయలేనివాడికి పని అడగకుండానే సాయం ఇవ్వాలి; అలాంటివాళ్లు ఊళ్లో ఎవరెవరున్నారో జాబితా రాసిపెట్టుకోవాలి. పరాయి దొరతనం ఎంతో మందిని పోగొట్టాక నేర్చుకున్న పాఠమది. అయినా ముసలివాళ్ల పేర్లూ వికలాంగుల పేర్లూ సర్కారు బాధ్యతగా ఒక కాగితం మీదికి ఎక్కింది ఆ పూటే అని నాకనిపిస్తుంది. ఆ కాగితానికి ఆయుష్షు తక్కువ. వాన పడితే కరువు ముగిసినట్టు, జాబితా పని కూడా ముగిసినట్టు. అవ్వ మాత్రం వాన పడ్డాక కూడా ముసలిదే కదా.

1952 నాటికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అయిదేళ్లయింది. రాయలసీమకు మళ్లీ కరువొచ్చింది. ఊరూరా గంజి కేంద్రాలు తెరిచారు. జనం ముంతలు, చట్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. మన అవ్వ వయసును మోస్తున్న గంజి కరువు ఇదే.

ఆ తరవాత ఎనిమిదేళ్లకు, 1960 జనవరిలో, కర్నూలు పక్కనున్న పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. ఆయన పదవిలో ఉన్నది రెండేళ్ల చిల్లర. ఆ కొద్ది కాలంలోనే రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను మొదలైంది. దాని గురించి కర్నూలు వైపు ఒక కథ చెప్పుకుంటారు. ముఖ్యమంత్రి హోదాలో ఊరికొచ్చి, కట్టెల పొయ్యి దగ్గర కూర్చున్న తల్లి చేతిలో కొంత డబ్బు పెట్టారట. ఆదుకునే కొడుకులు లేని తల్లుల గతి ఏమిటని ఆమె అడిగిందట. ఆ మాట పట్టుకునే ఆయన పింఛను ఆలోచన చేశారట. జనం నోట్లో పడి కథ కొంత నునుపు తేలి ఉండొచ్చు. పింఛను మాత్రం నిజం. కరువున్నా లేకున్నా, వాన పడినా పడకున్నా, ఆదరణ లేని ముసలితనమే అర్హత అయిన జాబితా ఒకటి పుట్టింది. కరువు నియమావళి తాత్కాలికంగా ఒప్పుకున్న బాధ్యతను సంజీవయ్య శాశ్వతం చేశారు.

కానీ పింఛను కడుపుకు. జబ్బు చేస్తే?

దానికి పెద్దాస్పత్రి ఉందిగా అనేవాళ్లు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన కాలంలోనే ఇక్కడికి మెడికల్ కాలేజీ దక్కింది. దానికి జతపడ్డ పెద్దాస్పత్రికి ఇటు ఆదోని, ఆలూరు నుంచీ, అటు అలంపూరు, గద్వాల నుంచీ, బళ్లారి, రాయచూరు పల్లెల నుంచీ కూడా జనం వచ్చేవాళ్లు. జ్వరాలకూ కాన్పులకూ విరిగిన ఎముకలకూ అదే దిక్కు. అయితే గుండె తెరిచి చేసే ఆపరేషన్, మెదడులో గడ్డ, కాన్సరు, మూత్రపిండాలు చెడిపోవడం లాంటివి వస్తే ఊరు దాటాల్సిందే. కడప వాళ్లు తిరుపతికో వేలూరుకో పోయేవాళ్లు. కర్నూలు వాళ్లు హైదరాబాదుకో బెంగుళూరుకో పోయేవాళ్లు. పోవడమంటే ముందు ఎకరా అమ్మాలి, లేదా కమ్మలు కుదువ పెట్టి నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవాలి. ఇంట్లో జబ్బు పడింది సంపాదించేవాడైతే ఎట్లనో తెచ్చేవాళ్లు. పడింది అవ్వ అయితే, ఆమే ముందు నోరు విప్పేది. "నాకెందుకురా ఇప్పుడు ఆపరేషన్లు? ఆ లెక్క పిల్లోని సదువుకు పెట్టుకోండి." మా వైపు డబ్బును లెక్క అంటారు. ఆ మాట అన్నాక ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. అవ్వ మంచం వసారాలోకి మారేది.

కడప జిల్లా జమ్మలమడుగులో క్యాంబెల్ ఆస్పత్రి అని మిషనరీలు కట్టిన పాత వైద్యశాల ఉంది. 1970ల మొదట్లో గుల్బర్గాలో ఎం.బి.బి.ఎస్. ముగించుకుని వచ్చిన ఒక యువకుడు అక్కడ మెడికల్ ఆఫీసరుగా చేరాడు. 1973లో పులివెందులలో తండ్రి పేరుతో 70 పడకల ఆస్పత్రి పెట్టాడు. జనం రూపాయి డాక్టరు అని పిలుచుకునేవాళ్లు. ఆయన వై.ఎస్. రాజశేఖరరెడ్డి. 1978లో శాసనసభకు వెళ్లాక రాజకీయమే వృత్తి అయింది గానీ, రోగి మంచం పక్కన నిలబడిన రోజులు మనిషిని అంత తేలిగ్గా వదలవు. ఆయన రాజకీయాలపై ఎవరి అభిప్రాయం వారికుంటుంది. ఈ కథకు కావలసింది ఆ డాక్టరు.

ఇక్కడ కాసేపు ఆగి, భీమా కంపెనీలు ముసలివాళ్లను ఎందుకు చేర్చుకోవో చూడాలి. మన చీటీల పద్ధతినే తీసుకోండి. ఇరవై మంది చేరి నెలనెలా వేస్తారు. అవసరం ఎవరికి ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టే చీటీ నడుస్తుంది. మొదటి నెలే పాడుకుని వెళ్లిపోతాడని అందరికీ తెలిసిన మనిషి వస్తే ఎవరూ చేర్చుకోరు. భీమా కంపెనీ కళ్లకు డెబ్బై ఏళ్ల మనిషి అలా కనిపిస్తాడు. వికలాంగుడు కూడా అంతే. పైగా, మనిషి ఇష్టపడితేనే కట్టే భీమాలో ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడు చేరడు, జబ్బున్నవాడే పరుగెత్తుకుని వస్తాడు. కంపెనీ ప్రీమియం పెంచుతుంది. పెంచేకొద్దీ ఇంకొందరు ఆరోగ్యవంతులు తప్పుకుంటారు. చివరికి చీటీ కూలుతుంది. అందుకని వయసు హద్దులు పెడతారు, పాత జబ్బులకు ఇవ్వమంటారు. ఫలితంగా ఎవరికి భీమా అవసరమో వాళ్లే బయట మిగిలిపోతారు.

ఇది మన ఒక్కరి చిక్కు కాదు. అమెరికా అంత డబ్బున్న దేశంలో కూడా 1960ల మొదట్లో ముసలివాళ్లలో సగం మందికి ఆస్పత్రి భీమా దొరకలేదు. అధ్యక్షుడు ట్రూమన్ 1945లోనే అందరికీ ప్రభుత్వ ఆరోగ్య భీమా కావాలని అడిగి ఓడిపోయాడు. ఇరవై ఏళ్ల తరవాత, 1965 జులై 30న, అధ్యక్షుడు జాన్సన్ పనిగట్టుకుని ట్రూమన్ సొంత ఊరు ఇండిపెండెన్స్‌కు వెళ్లి, 81 ఏళ్ల ఆ పెద్దాయన ఎదుట మెడికేర్ చట్టంపై సంతకం చేశాడు. మొదటి కార్డు ఆయనకే ఇచ్చాడు. 65 ఏళ్లు దాటినవాళ్లందరికీ ప్రభుత్వ భీమా. అప్పటికీ వికలాంగులు అందులో లేరు. వాళ్ల కోసం, కిడ్నీలు చెడినవాళ్ల కోసం మరో ఏడేళ్లు పోరాడాల్సి వచ్చింది. 1971లో ఒక కిడ్నీ రోగి వాషింగ్టన్‌లో చట్టసభ కమిటీ ఎదుటే డయాలిసిస్ చేయించుకుని తన గోడు చూపించాడు. 1972లో చట్టం మారింది. బతకడానికి యంత్రం కావాలని చట్టం చేసేవాళ్ల కళ్లెదుటే యంత్రానికి కట్టుకున్న ఆ మనిషి తెగువ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

మన దేశంలో 1948లోనే ఈఎస్ఐ చట్టం వచ్చింది. అది ఫ్యాక్టరీ కార్మికులకు. శనక్కాయ చేనులో కలుపు తీసే అవ్వకు ఈఎస్ఐ ఎక్కడిది? 2003లో కేంద్రం పేదల కోసం సార్వత్రిక ఆరోగ్య భీమా తెచ్చింది. రోజుకు రూపాయి చొప్పున ఏడాదికి 365 రూపాయలు కడితే 30 వేల దాకా ఆస్పత్రి ఖర్చు. వినడానికి బాగానే ఉంది. చేరడానికి 65 ఏళ్ల హద్దు, పాత జబ్బులకు వర్తించదు. పేదవాడు ముందే డబ్బు కట్టి, రాని జబ్బు కోసం ఎదురుచూడాలి. చేరినవాళ్లు తక్కువ. అదే ఏడాది తుంగభద్రకు అవతల కర్ణాటకలో యశస్విని నడవడం మొదలైంది. సహకార సంఘాల రైతులు నెలకు అయిదు రూపాయలు కడితే పెద్ద ఆపరేషన్లు. బెంగుళూరు గుండె వైద్యుడు డాక్టర్ దేవిశెట్టి దాని వెనక ఉన్నారు. లక్షల మంది రైతుల్ని ఒక్కసారిగా చేర్చడం వల్ల అది నిలబడింది. దానికీ 75 ఏళ్ల హద్దు ఉండేది. సంఘంలో లేని కూలికి చోటు లేదు. అయినా, ఒకేసారి లక్షల మందిని చేరిస్తే చీటీ కూలదు అన్న సంగతి అక్కడ కంటికి కనిపించింది.

అదే 2003 ఏప్రిల్‌లో రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా పాదయాత్ర చేశారు. ఎర్రటి ఎండల్లో దాదాపు 1,500 కిలోమీటర్లు. దారి పొడవునా ఎదురొచ్చిన జనం చేతుల్లో కరువు గోడుతో పాటు ఆస్పత్రి కాగితాలు కూడా ఉండేవి. 2004 మేలో ఆయన ముఖ్యమంత్రి అయ్యాక ఆ కాగితాలు హైదరాబాదుకు చేరడం మొదలైంది. ముఖ్యమంత్రి సహాయ నిధి కిటికీ దగ్గర రోజూ వరస. ఎమ్మెల్యే ఉత్తరం, ఆస్పత్రి ఇచ్చిన అంచనా, రేషన్ కార్డు నకలు. మంజూరైతే ఎల్.ఓ.సి. అనే కాగితం వస్తుంది. దాన్ని ఆస్పత్రిలో చూపిస్తే వైద్యం. 2004 మే నుంచి మూడేళ్లలో 55 వేల మందికి పైగా ఇలా సాయం అందింది. ఖర్చు 168 కోట్లు దాటింది.

ఆ నిధి ఎంతోమందిని బతికించింది. నిజానికి అది ఓడిపోయిన ప్రయత్నమే. ఎందుకంటే ఎమ్మెల్యే ఇంటి దాకా, ఆ తరవాత హైదరాబాదు దాకా తిరగగలిగినవాడికే అది అందుతుంది. కాలు లేని మనిషి ఆ వరసలో ఎలా నిలబడతాడు? అవ్వ కోసం ఎవరు పని మానుకుని తిరుగుతారు? కాగితం చేతికి వచ్చేసరికి రోగి లేని ఇళ్లూ ఉండేవి. అయితే ఆ ఓటమిలోనే ఒక నిధి దొరికింది. వేలాది దరఖాస్తులు పక్కపక్కన పెట్టి చూస్తే అవే జబ్బులు మళ్లీ మళ్లీ కనిపించాయి. గుండె, కాన్సరు, మూత్రపిండాలు, మెదడు, కాలిన గాయాలు. ఏ ఆపరేషన్‌కు ఎంతవుతుందో తెలిసిపోయింది. పేదవాడిని ఏ జబ్బులు అప్పుల్లో ముంచుతున్నాయో చెప్పే చిట్టా, ఎవరూ అడగకుండానే, ఆ అర్జీల కట్టల్లో తయారై ఉంది.

ఆ చిట్టాకు చీటీ సూత్రాన్ని తిరగేసి జోడించడమే అసలు ఆవిష్కరణ. మనిషి వచ్చి చేరడం అనే మెట్టునే తీసేశారు. తెల్ల రేషన్ కార్డు ఉన్న ప్రతి కుటుంబాన్నీ ఒక్కసారిగా చేర్చి, అందరి ప్రీమియం ప్రభుత్వమే కట్టేస్తుంది. ఆరోగ్యవంతుడు తప్పుకునే దారి లేదు కాబట్టి జబ్బున్నవాడిని వెలేసే అవసరం కంపెనీకి లేదు. వయసు హద్దు లేదు. పాత జబ్బా కొత్త జబ్బా అన్న ప్రశ్న లేదు. కుటుంబంలో ఇంతమందే అన్న లెక్క కూడా లేదు. ఈ చివరి సంగతిని చాలామంది గమనించరు. 2008లో కేంద్రం తెచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య భీమా యోజనలో ఇంటికి అయిదుగురే, 30 వేలే. అయిదుగుర్ని ఏరుకోమంటే ఏ ఇంట్లోనైనా ఆరో పేరు ఎవరిదవుతుందో మనకు తెలియనిది కాదు. ఇక్కడ రేషన్ కార్డులో ఎన్ని పేర్లుంటే అన్నీ లెక్కే. అట్టడుగున, చివరి గీత మీద రాసిన అవ్వ పేరు కూడా.

దానికి రాజీవ్ ఆరోగ్యశ్రీ అని పేరు పెట్టారు. నడపడానికి ఆరోగ్యశ్రీ హెల్త్ కేర్ ట్రస్టు ఏర్పడింది. మొదట స్టార్ హెల్త్ కంపెనీ భీమా బాధ్యత తీసుకుంది. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు. 2007 ఏప్రిల్ 1న మూడు వెనకబడిన జిల్లాల్లో మొదలైంది. మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం.

ఇక్కడ మా జిల్లాల కథ కాస్త చేదుగా ఉంటుంది. ముఖ్యమంత్రి సొంత జిల్లా కడప ఆ మూడింట్లో లేదు. కర్నూలు పరిస్థితి ఇంకా విచిత్రం. ఉత్తరాన తుంగభద్ర వంతెన దాటితే మహబూబ్‌నగర్ జిల్లా అలంపూరు, అక్కడ ఆరోగ్యశ్రీ ఉంది. దక్షిణాన అనంతపురం జిల్లా గుత్తి, అక్కడా ఉంది. మధ్యలో కర్నూలు ఎదురుచూస్తోంది. ఏటి గట్టు మీద నిలబడితే కనిపించేంత దూరంలో ఒక ఊరి వాళ్లకు గుండె ఆపరేషన్ ఉచితం, ఇవతలి ఊరి వాళ్లు పాత పద్ధతిలో ఎల్.ఓ.సి. కోసం తిరగాలి. కడపకు 2008 ఏప్రిల్‌లో వచ్చింది. అదే ఏడాది జులై నాటికి కర్నూలుతో సహా రాష్ట్రమంతా పరుచుకుంది. కొత్తగా చేర్చిన వందలాది చికిత్సలకు భీమా కంపెనీ ప్రమేయం లేకుండా ట్రస్టే నేరుగా డబ్బు కట్టడం మొదలుపెట్టింది. 163 జబ్బులతో మొదలైన జాబితా తొమ్మిది వందలు దాటింది.

కాగితం మీది పథకాన్ని మనిషి దగ్గరికి చేర్చింది ఆరోగ్యమిత్రలు. మహిళా సంఘాల నుంచి వచ్చిన అమ్మాయిలు చాలామంది. ఆస్పత్రి వాకిట్లో ఒక బల్ల, మీద బోర్డు, ఒక కంప్యూటరు. అంత పెద్ద గాజు తలుపుల భవనం ముందు చెప్పులు విడవాలో వద్దో తెలియక నిలబడిపోయిన ముసలాయన్ని చూసి, "రా పెదనాయనా, కార్డు తెచ్చినావా?" అని మన యాసలో పిలిచే గొంతు అక్కడ ఉండటం చిన్న సంగతి కాదు. ఆమె కార్డు వివరాలు ఎక్కించి, ఫొటో తీయించి, పరీక్షల కాగితాలు ట్రస్టుకు పంపేది. అక్కడి డాక్టర్లు చూసి అనుమతి ఇచ్చేవాళ్లు. వైద్యం, మందులు, భోజనం, ఇంటికి పోయేటప్పుడు బస్సు ఛార్జీ. ఎమ్మెల్యే ఉత్తరం లేదు.

వైకల్యంతో పుట్టిన పిల్లలకు కూడా ఈ దారి తెరుచుకుంది. పుట్టు చెవుడు ఉన్న చిన్న పిల్లలకు చెవిలోపల అమర్చే కాక్లియర్ పరికరం ఖర్చు రెండు లక్షల్లో తేలేది కాదు. దానికోసం పరిమితిని పక్కనపెట్టి, ఆరున్నర లక్షల దాకా ట్రస్టు భరించింది. అందులో ఆపరేషన్ తరవాత మాటలు నేర్పించే శిక్షణ కూడా కలిసి ఉంది. పెద్దవాళ్లలో కాలిన గాయాల వల్ల మెడ, వేళ్లు బిగుసుకుపోయినవాళ్లకు సరిచేసే శస్త్రచికిత్సలు జాబితాలో చేరాయి. కేంద్రం వైపు నుంచి నేషనల్ ట్రస్టు చట్టం కింద నిరామయ అనే పథకం వచ్చింది. ఆటిజం, మస్తిష్క పక్షవాతం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు ముందస్తు పరీక్షలేవీ లేకుండా లక్ష రూపాయల భీమా. ఏ కంపెనీ తలుపు దగ్గరైనా మొదట వెనక్కి పంపే మనుషులు వీళ్లు. ఈ పథకం సంగతి ఇప్పటికీ పల్లెల్లో చాలామందికి తెలియదన్నదే నా బాధ.

ఇదంతా నున్నగా సాగిందని చెబితే అబద్ధమవుతుంది. డబ్బు వస్తుందని తెలిశాక కొన్ని ఆస్పత్రులు అవసరం లేని ఆపరేషన్లు చేశాయి. పల్లెల్లో ముప్పై ఏళ్లు నిండని ఆడవాళ్లకు గర్భసంచులు తీసేశారన్న విషయం బయటపడి రాష్ట్రం ఉలిక్కిపడింది. 2011లో ప్రభుత్వం 133 చికిత్సలను ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేసింది. మంచి నిర్ణయం. ఆరోగ్యశ్రీ సొమ్ము ప్రభుత్వ ఆస్పత్రులకు కూడా రావాలి, అక్కడి పరికరాలకూ వైద్యులకూ ఉపయోగపడాలి అన్న ఆలోచన దానితో బలపడింది. గుండె తెరవాలంటే హైదరాబాదు బస్సెక్కాల్సిన కర్నూలులో, పెద్దాస్పత్రిలోనే గుండె ఆపరేషన్లు జరిగే రోజు తరవాత వచ్చింది.

రెండో లోపం ఇంకా లోతైనది. ముసలివాళ్లను రోజూ వేధించేవి బీపీ, షుగరు, కీళ్లనొప్పులు. వాటికి నెలనెలా మాత్రలు కావాలి. ఆరోగ్యశ్రీ ఆస్పత్రిలో పడుకుంటేనే పనిచేసేది. మాత్రలు కొనలేక మానేసిన మనిషి పక్షవాతం వచ్చాక వస్తే లక్షలు పెట్టే పథకం, ఆ మాత్రలకు పది రూపాయలు పెట్టలేకపోయింది. ఊరి ఆరోగ్య కేంద్రానికి పోవాల్సిన డబ్బు కార్పొరేట్ ఆస్పత్రికి పోతోందని ప్రజావైద్య నిపుణులు అప్పుడే హెచ్చరించారు. వాళ్ల మాట సబబని నేను నమ్ముతాను. ఇక ఆస్పత్రులకు బకాయిలు పేరుకుపోవడం, వాళ్లు సేవలు ఆపేస్తామనడం, రోగులు గేటు బయట కూర్చోవడం ఏ ప్రభుత్వం ఉన్నా మళ్లీ మళ్లీ చూస్తున్నదే.

2009 సెప్టెంబరు 2న రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టరు నల్లమలలో, కర్నూలు జిల్లా పావురాలగుట్ట మీద కూలిపోయింది. పథకం మాత్రం ఆగలేదు. రాష్ట్రం రెండుగా విడిపోయినా ఆగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2014 తరవాత ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, 2019 తరవాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024 తరవాత మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. చికిత్సల జాబితా మూడు వేలు దాటింది. 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలకు పెంచారు. పేరు ఎన్నిసార్లు మార్చినా పథకాన్ని తీసేసే ధైర్యం ఎవరికీ రాలేదు. అవ్వల ఓట్లకు ఉన్న బలం అది.

దేశం కూడా నెమ్మదిగా ఈ దారిలోకే వచ్చింది. 2018 సెప్టెంబరులో రాంచీలో మొదలైన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి అయిదు లక్షల భీమా ఇస్తూ, ఇంటికి అయిదుగురే అన్న పాత హద్దును తీసేసింది. 2024 ఏప్రిల్ నుంచి ఆరోగ్య భీమా కొనడానికి 65 ఏళ్ల హద్దును భీమా నియంత్రణ సంస్థ ఎత్తివేసింది. అదే ఏడాది అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, పేదా ధనికా అన్న తేడా లేకుండా, అయిదు లక్షల దాకా ఆస్పత్రి భీమా కల్పించారు. ఆ కార్డుకు వయవందన అని పేరు. వయసే అర్హత. సంజీవయ్య కాలంలో పింఛనుకు పెట్టిన వయసు కొలతను వైద్యానికి పెట్టడానికి ఇన్నేళ్లు పట్టింది. వికలాంగులకు మాత్రం, వైకల్యమే అర్హతగా, ఆదాయం అడగకుండా ఇచ్చే ఇలాంటి కార్డు దేశమంతటికీ ఇంకా రాలేదు. అమెరికా వికలాంగులు 1972లో సాధించుకున్నది మనవాళ్లు ఇంకా అడుగుతూనే ఉన్నారు. అవ్వ చిన్న కొడుకు ఆ వరసలోనే ఉన్నాడు.

వయవందన కార్డుకు ఆధారే ఆధారం. అందులో ఉన్న పుట్టిన సంవత్సరమే లెక్క. గంజి కరువు నాటి బిడ్డకు ఎవరో తొందరలో 1962 అని కొట్టి ఉంటే, ఆమెకు ఇంకా డెబ్బై రానట్టే. మీ ఇంట్లోనో మీ వీధిలోనో అలాంటి పెద్దవాళ్లు ఉంటే ఈ వారమే వాళ్ల ఆధార్ తీసి చూడండి. సంవత్సరం తప్పుంటే, ఆస్పత్రి అవసరం రాకముందే దిద్దించండి. రేషన్ కార్డులో పేరుందో లేదో చూడండి. ఇంట్లో వికలాంగులుంటే వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ తీయించండి, నిరామయ కిందికి వస్తారేమో కనుక్కోండి. ఒక పూట పని మానుకుని వాళ్లను వెంటబెట్టుకుని మీసేవకు తీసుకుపోండి. వాళ్లంతట వాళ్లు అడగరు.